వంద మీటర్ల చదువు

మా పక్కింటి ఉమామహేశ్వరమ్మ తన కళ్లతో చూడలేదు. ఉగ్గాని, బజ్జీల బండి నాగేశ్వరమ్మ చూసి ఆమెకు చెప్పిందట, ఆమె గోడ మీదుగా నాకు చెప్పింది. గుండ్లమిట్ట డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాల్ అరుణకుమారి మేడం పొద్దున తొమ్మిదిన్నరకు చీర కుచ్చిళ్లు ఎగదోపి, చెప్పులు చేతబట్టి, కాలేజీ గేటు దాకా ఒక్క పరుగున పోయిందట. అక్కడ ఫోను మొహానికి ఎదురుగా పట్టుకుని, మళ్లీ ఒక్క పరుగున వెనక్కి వచ్చిందట. ఆమె వెనక ఎకనామిక్స్ శివకుమార్ సారు. ఆయన వెనక నూటయాభైమంది దాకా పిల్లోళ్లు!

"ఏమన్నా మొక్కుబడేమో అన్నా," అంది ఉమామహేశ్వరమ్మ. "శ్రీశైలం పోయే కాలినడకోళ్లు గూడా అంత బిరాన పోరు."

మొక్కుబడి కాదు తల్లీ. అది చదువు!

అయ్యలారా, అమ్మలారా! బాగా ఆలోచించి, రెండు గ్లాసుల టీ తాగి మరీ చెబుతున్నాను. ఈ దేశంలో చదువు బాగుపడాలంటే ఉన్న కాలేజీలన్నిటికీ వెంటనే తాళాలు వెయ్యాలి. నవ్వకండి. కాలేజీ తెరిచి ఉంటే ఏమవుతుందో, మూసి ఉంటే ఏమవుతుందో రెండూ చూసినవాణ్ని. మా గుండ్లమిట్ట వాణ్ని.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే రోడ్డు దిగి రెండు కిలోమీటర్లు లోపలికి వస్తే మా ఊరు. ఊరి చివర డిగ్రీ కాలేజీ. అది తెరిచి ఉన్న రోజుల్లో హాజరు నూటికి నలభై. తక్కిన అరవైమంది బస్సు దిగకుండా అట్నుంచి అటే నంద్యాల సినిమా హాళ్లకు పోయి దేశభవిష్యత్తును తీర్చిదిద్దుతుండేవారు. వచ్చిన నలభైమందిలో సగం నిద్ర. మేలుకున్న సగాన్ని నిద్రపుచ్చడానికి సార్లు ఉండనే ఉన్నారు.

అలాంటి కాలేజీకి ఈ జనవరిలో మహర్దశ పట్టింది. వాన లేదు, పిడుగు లేదు. నడినెత్తిన ఎండ కాస్తుండగా వరండా కప్పు నుంచి చాటంత పెచ్చు ఊడి కింద పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఎందుకంటే అది పడింది నోటీసు బోర్డు ముందు. అక్కడ ఏ కాలంలోనూ ఎవరూ నిలబడరు!

మూడోరోజుకల్లా పైనుంచి ఉత్తర్వు వచ్చింది. భవనం ప్రమాదకరం. కాలేజీ మూసివేత. విద్యార్థులు గానీ అధ్యాపకులు గానీ భవనానికి వంద మీటర్ల లోపలికి రాకూడదు. రామని ప్రతి విద్యార్థీ, వాళ్ల నాయనో అమ్మో హామీపత్రం మీద సంతకం చేసి ఇవ్వాలి. అటెండరు తిరుపాలు కొబ్బరితాడు పట్టుకుని కొలిచి, సున్నంతో గీత గీశాడు. గేటు గీతకు లోపలే పడింది. నాగేశ్వరమ్మ బండి సరిగ్గా గీత మీద పడింది. పొయ్యి ప్రమాదంలో, బజ్జీ తినేవాళ్లు క్షేమంలో!

నాలుగోరోజు రెండో ఉత్తర్వు. కాలేజీ మూసినా విద్యార్థి సేవలకు రవ్వంత కూడా అంతరాయం కలగకూడదు. పాఠాలన్నీ ఆన్‌లైన్‌లో చెప్పాలి. హాజరు మాత్రం ఎప్పటిలాగే యాప్‌లో వెయ్యాలి, పొద్దున తొమ్మిదిన్నరకు ఒకసారి, సాయంత్రం నాలుగుకు ఒకసారి.

ఇక్కడే ఉంది మహత్తు. ఆ యాప్ పుట్టుకతోనే నిజాయితీపరురాలు. ఇంట్లో పడుకుని హాజరు వేసుకునే దొంగల ఆట కట్టించడానికి దాన్ని తయారు చేశారు. కాలేజీకి దగ్గరగా, గేటు దాకా వచ్చి మొహం చూపిస్తే తప్ప అది ఒప్పుకోదు. పిల్లలకైనా అంతే, సార్లకైనా అంతే.

అంటే ఏమిటి? కాలేజీకి రాకూడదు. వచ్చినట్టు రుజువు చూపించాలి. 

లోకంలో ఇంకెక్కడన్నా అయితే తలలు పట్టుకుని కూర్చునేవారు. గుండ్లమిట్ట కూర్చోలేదు. పరుగెత్తింది!

తొమ్మిదిన్నరకు అందరూ గీత బయట బారులు తీరి నిలబడతారు. పీఈటీ సారు విజిల్ ఊదుతాడు. కావలి ఉన్న తిరుపాలు వెంటనే తూర్పు వైపు తిరిగి నల్లమల కొండల్ని చూడడం మొదలుపెడతాడు. పది నిమిషాలు ఆయన అటే చూస్తాడు. ఆ పది నిమిషాల్లో కబడ్డీ కూతకు పోయినట్టు పోవాలి, గేటు ముట్టాలి, ఫోనుకు మొహం చూపాలి, తిరిగి వచ్చి గీత దాటాలి. 

మూడు నెలల్లో శివకుమార్ సారు ఎనిమిది కిలోలు తగ్గాడు. నంద్యాల డాక్టరు పదేళ్లుగా మాత్రలిచ్చి చెయ్యలేని పని! తెరిచిన కాలేజీ ఇంత ఆరోగ్యం ఇచ్చిందా?

సాయంత్రం నాలుగుకు మళ్లీ గేటు ముట్టాలి కాబట్టి ఇంటికి పోయి రావడం దండగ. పిల్లలంతా గీత పక్కన కంపచెట్ల నీడనే కూర్చుంటారు. సారూ సాయంత్రం ముట్టాల్సినవాడే కాబట్టి నాగేశ్వరమ్మ బండి బెంచీ మీద కూర్చుంటాడు. వాళ్లకూ ఆయనకూ మధ్య పది అడుగులు. అయినా ఆయన నేరుగా పాఠం చెప్పకూడదు, చెబితే అది ఉత్తర్వు మీరడం. ఆన్‌లైన్‌లో చెప్పి, స్క్రీన్‌షాట్ తీసి పైకి పంపాలి.

అందువల్ల ఆయన ఫోనులోకి చెబుతాడు. ఆ మాట మొదట గాలిలో పిల్లల చెవిన పడుతుంది. నాలుగు సెకన్ల తర్వాత ఫోన్లలోంచి మళ్లీ పడుతుంది. ప్రతి పాఠం రెండుసార్లు! ఏ కార్పొరేట్ కాలేజీలో ఉంది ఈ రివిజన్?

ఒకసారి ఒక పిల్ల ఉండబట్టలేక, "సార్, గిరాకీ అంటే ఏంది సార్?" అని నేరుగా అడిగింది. 

"చాట్‌లో పెట్టుమా," అన్నాడు సారు, బజ్జీ నములుతూ.

కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ కూడా ఆగలేదు. ల్యాబు లోపల ఉండిపోయింది కాబట్టి నాగేశ్వరమ్మ బండే ల్యాబు. పసుపు నీళ్లలో సోడా కలిపితే ఎర్రబడింది, నిమ్మకాయ పిండితే మళ్లీ పచ్చబడింది. పిల్లలు రికార్డుల్లో రాసుకున్నారు. 

"ఇది నేను ముప్పై ఏండ్లుగా చేస్తాండా," అంది నాగేశ్వరమ్మ. "నాకూ ఒక డిగ్రీ ఇయ్యండప్పా."

ఇక లైబ్రరీ, బోనఫైడ్, టీసీ సేవలు తిరుపాలువి. ఆయనొక్కడికే లోపలికి పోవడానికి అనుమతి ఉంది. అటెండరు విద్యార్థీ కాదు, అధ్యాపకుడూ కాదు. ఆయన నెత్తిన పెచ్చు పడ్డా చదువుకు అంతరాయం లేదు! నెత్తిన సిమెంటు మోసే ఇనప బాండ్లి బోర్లించుకుని లోపలికి పోతాడు, సర్టిఫికెట్ మీద సీలు గుద్దుకుని వస్తాడు. 

ఆ బాండ్లి జకరయ్యది.

జకరయ్య బేల్దారి మేస్త్రీ. ఆయన కూతురు ఏంజెల్ బీఎస్సీ ఆఖరి సెమిస్టరు. రోజూ పొద్దున పనికి పోతూ కూతుర్ని టీవీఎస్ బండి మీద తెచ్చి గీత దగ్గర దింపుతాడు. జూన్‌లో సున్నిపెంటలో ఒక బడిలో ఆ పిల్లకు టీచరు ఉద్యోగం మాట అయిపోయింది. డిగ్రీ పాసైన కాగితం తెస్తే చాలు. పాసవడానికి పరీక్ష రాయాలి. పరీక్ష రాయడానికి హాల్‌టికెట్ కావాలి. హాల్‌టికెట్ ఇవ్వడానికి నూటికి డెబ్భై ఐదు హాజరు ఉండాలి.

ఏంజెల్ హాజరు సున్నా.

ఈ పిల్ల ఒక్కరోజు మానలేదు. జ్వరమొచ్చినా వచ్చింది. పది అడుగుల దూరంలో కూర్చుని ప్రతి పాఠం రెండుసార్లు విన్నది. కానీ విజిల్ ఊదినప్పుడు పరుగెత్తలేదు. గీత బయట నిలబడి యాప్‌కు మొహం చూపించింది. 'మీరు కాలేజీలో లేరు' అని చెప్పింది యాప్. నిజమే చెప్పింది పాపం!

అరుణకుమారి మేడం రాయి కాదు. బతిమాలింది. "ఒక్క పరుగు తియ్యి తల్లీ. యాభై ఏండ్లదాన్ని, నేనే ఉరుకుతాండా. నీకేం?"

ఏంజెల్ కంటే ముందు జకరయ్యే అందుకున్నాడు. "రామని సంతకం పెట్టినాం మేడం. పెట్టినాంక ఉరికేదేంది? నా పేరు నేను రాసేది నేర్చుకున్నదే నలభై ఏండ్లకు. అబద్ధానికి రాయను."

చూశారా మొండితనం! లోకమంతా ఇటు పరుగెత్తుతుంటే ఒక ఇంటివాళ్లు కాగితం మీద రాసింది నమ్ముతారా? ఏంజెల్ ఊరికే ఉండక యాప్ వాళ్లకు ఫిర్యాదు కూడా పెట్టింది. కాలేజీ మూశారు, గేటు దాకా పోకూడదు, హాజరు ఎట్లా వెయ్యాలి అని. అరగంటలో జవాబొచ్చింది. 'మీ సమస్య పరిష్కరించబడినది. మరిన్ని వివరాలకు మీ కాలేజీ ఆఫీసును స్వయంగా సంప్రదించండి.' ఎంత వేగం! ఆఫీసు గేటు లోపల ఉందన్నది అంత పెద్ద విషయమా?

ఒకరోజు బాండ్లి అడిగి తీసుకోబోతూ తిరుపాలు వరండా వైపు చూపించి, "ఆ కప్పు ఎన్ని దినాల పని జకరయ్యన్నా?" అని అడిగాడు.

జకరయ్య గీత బయటి నుంచే మెడ సాచి చూశాడు. "కమ్మీలు తుప్పు బట్టినాయి. గీకి, మందు పూసి, సిమెంటు పట్టించాల. ఇద్దరం పడితే వారం."

"మరి ఎవరన్నా అడిగినారా నిన్ను?"

"ఆఁ, అడిగినారు. బాండ్లి అడిగినారు."

ఏప్రిల్ మొదటి వారంలో పైనుంచి సురేంద్రగారనే పెద్ద అధికారి వచ్చారు. మూసి ఉండి కూడా మూతపడని కాలేజీగా గుండ్లమిట్ట పేరు పైదాకా పాకింది మరి. గీత బయట షామియానా వేశారు. ప్రిన్సిపాల్ మేడంకు అద్దాల ఫ్రేములో ప్రశంసాపత్రం. శివకుమార్ సారుకు శాలువా. తిరుపాలుకు బాండ్లితో సహా ఫోటో.

సురేంద్రగారు లెక్క చదివారు. కాలేజీ తెరిచి ఉన్నప్పుడు హాజరు నలభై శాతం. మూశాక తొంభై తొమ్మిది పాయింట్ మూడు. చప్పట్లు! నేను కూడా కొట్టాను, చేతులు మండేదాకా కొట్టాను. పక్కనున్న కాలేజీలన్నిటికీ ఇదే పద్ధతి సిఫారసు చేస్తానన్నారు. ప్రతి కాలేజీలోనూ పెచ్చు ఊడేదాకా ఎదురుచూడాల్సిన పనిలేదని కూడా అన్నారు. ఆళ్లగడ్డ శిల్పుల చేత పరుగెత్తే విద్యార్థి శిల్పం చెక్కించి గేటు ముందు నిలబెడతామన్నారు. రాయి వస్తుంది, ఉలి వస్తుంది, శిల్పి వస్తాడు. 

సిమెంటు మూట మాట మాత్రం ఆ రోజంతా ఎవరి నోటా రాలేదు. మూడు నెలల్లో ఆ కాలేజీలో ఆగిన సేవ అదొక్కటే. ఆగిందనీ ఎలా అనగలం? మొదలైతే కదా ఆగడానికి!

అంతా బాగానే ముగిసేది. సురేంద్రగారికి ఆ పాయింట్ మూడు కంట్లో నలుసైంది. నూరు ఎందుకు కాలేదని అడిగారు. ఒక్క పిల్ల వల్ల అన్నారు. పిలిపించమన్నారు.

ఏంజెల్ వచ్చి నిలబడింది. ఆ పొద్దున్నే అందరికీ హాల్‌టికెట్లు పంచారు, ఈ పిల్ల చేతులు ఖాళీ. వెనకాల పని బట్టలతోనే జకరయ్య. 

"హాజరు లేదని హాల్‌టికెట్ ఆపితే మమ్మల్ని తిట్టుకోకూడదమ్మా," అన్నారు సురేంద్రగారు, కన్నతండ్రిలా. "రూలు అందరికీ ఒకటే. మీ ప్రిన్సిపాల్ మేడం పరుగెత్తారు, మీ సారు పరుగెత్తారు, నూటనలభై తొమ్మిదిమంది పరుగెత్తారు. నీకొక్కదానికే ఏమొచ్చింది?"

ఏంజెల్ ఆయన వైపు, ప్రశంసాపత్రం వైపు, సున్నం గీత వైపు చూసింది.

"రామని సంతకాలు పెట్టించుకున్నది మీరే గదా సార్. నూటయాభైమందిమీ పెట్టినాం. నేను చదివి పెట్టినా."