దిగులు పత్రం సవరణ కమిటీ

నగరాల్లో దిగులు కొలవడానికి వాడే తొమ్మిది ప్రశ్నల పత్రాన్ని ఆదివాసుల సంస్కృతికి అనుగుణంగా సవరించాలని ప్రభుత్వం సంకల్పించింది. వెంటనే కమిటీ వేసింది. కమిటీ నెలల తరబడి ఏసీ గదిలో శ్రమించి, పత్రం అంచు చుట్టూ ఆకులూ తీగలూ ముద్రించింది. సంస్కృతి అక్కడితో పూర్తయింది. ఇక ఆ పత్రం పట్టుకుని కొండెక్కాలి. అందుకు అధ్యక్షుల వారి మోకాళ్లు ఒప్పుకోలేదు కాబట్టి మానసిక వైద్యులైన డాక్టరు గారిని పంపారు.

ఆయన్ను పంపడంలో మరో సౌలభ్యం ఉంది. భార్య పోయాక ఇంట్లో ఆయన కోసం ఎదురుచూసేవాళ్లు లేరు. రాత్రిళ్లు నిద్ర లేదు. పొద్దున్నే లేవబోతే, లేచి ఏం చెయ్యాలి, అసలు బతికి ఏం చెయ్యాలి అనిపించేది. అయినా ఇస్త్రీ చొక్కా వేసుకుని వేళకు ఆఫీసుకు వచ్చేవారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నవాడికి దిగులుండదని ఆ శాఖలో అందరికీ తెలుసు.

కొండ మీద బడిగదిలో పని మొదలైంది. నిబంధన ప్రకారం ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, తలుపు మూసి అడగాలి. తలుపు మూయగానే అందరూ క్షేమమే. నిద్ర పడుతోంది, ఆకలి వేస్తోంది, మార్కులు సున్నా. బిడ్డ పోయి నెల తిరగని తల్లికి కూడా సున్నాయే వచ్చింది. డాక్టరు గారికి అనుమానం వచ్చి, ఆ ఊరి పిల్లే అయిన దుబాసీని అడిగారు.

"మాలో ఎవరి దిగులు వాళ్లు చెప్పుకోరండీ," అంది ఆ అమ్మాయి. "పక్కవాళ్లు చూసి చెప్పాలి. ముందు ఆ తలుపు తియ్యండి."

తలుపు తియ్యగానే జనం పొలోమని లోపలికొచ్చారు. ఆ తల్లి అన్నం వండి తినడం మర్చిపోతోందని వదిన చెప్పింది. ఎవరూ లేని ఉయ్యాల ఊపుతోందని పక్కింటి తాత చెప్పాడు. చెప్పినవాళ్లే ఆ రాత్రి ఆమెకు తోడు పడుకోవాలట. డాక్టరు గారు సంబరపడి పత్రంలో కొత్త గడి గీశారు: 'పక్కవారు చెప్పవలసినది'.

అప్పుడు మూలన కూర్చున్న ముసలమ్మ ఆయన వంక చూసింది.

"మరి ఈ నాయన సంగతి ఎవరు చెబుతారే? వెంట అయినవాళ్లు ఒక్కరూ లేరు. సరే, నేనే చెబుతా. రాత్రంతా ఈ బడి మెట్ల మీదే కూచుంటాడు. పెట్టింది కెలికి లేచిపోతాడు. నిన్న వాగు గట్టున నిలబడి చూసిన చూపు నాకేం నచ్చలేదు. ఒంటరిగా వదలకండి."

దుబాసీ అమ్మాయి శిక్షణ పొందిన మనిషి. అంతా గడిలో రాసి మార్కులు కూడింది. 'తీవ్రం' అని తేలింది. డాక్టరు గారు నవ్వి కొట్టిపారేద్దామనుకున్నారు. ఏడుపొచ్చింది. భార్య పోయాక ఆయన ఏడవడం అదే మొదటిసారి. ఆ రాత్రి ముసలమ్మ మొగుడూ, తమ్ముడూ ఆయనకు చెరో పక్కన పడుకుని గురకలు పెట్టారు. ఆ గురకల మధ్య ఆయన ఒళ్లు తెలియకుండా నిద్రపోయారు.

నివేదిక కమిటీకి చేరింది. అధ్యక్షుల వారు లేచి నిలబడ్డారు.

"సాక్షాత్తూ మన నిపుణుణ్నే రోగి అంటోందీ గడి! ఇది పనికిరాదనడానికి వేరే రుజువు కావాలా? మనిషి దిగులు అతని సొంత వ్యవహారం. అందులో ఇరుగుపొరుగులు వేలు పెట్టడం నాగరికత అనిపించుకోదు!"

సభ్యులు బల్లలు చరిచారు. పక్కవారి మాట నమ్మదగినది కాదని ఏకగ్రీవంగా తీర్మానించి గడి కొట్టేశారు. పాత సున్నాల ఆధారంగా ఆ కొండను దిగులు లేని ప్రాంతంగా ప్రకటించారు. అక్కడ తెరవాల్సిన వైద్య కేంద్రం, రోగులు లేనందున రద్దయింది. డాక్టరు గారు ఏదో చెప్పబోయారు గానీ అప్పటికే సన్మానం మొదలైంది. శాలువా ఆయనకే కప్పారు.

నగరంలో నిద్ర మళ్లీ దూరమైంది. ఒక ఉదయం ఆఫీసుకు వస్తూ వంతెన మీద ఎంతసేపు నిలబడిపోయారో తలుచుకుంటే ఆయనకే భయం వేసింది. సిగ్గు విడిచి, ఏళ్ల తరబడి పక్క కుర్చీలో కూర్చుంటున్న సహోద్యోగిని అడిగారు.

"ఒక్కసారి నన్ను చూసి చెప్పండి. నేనెలా ఉన్నాను?"

"మీకేమండీ, దివ్యంగా ఉన్నారు," అన్నాడు సహోద్యోగి, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

కమిటీ తీర్మానాన్ని వెక్కిరించినవాళ్లు లేకపోలేదు. వాళ్లు తొందరపడ్డారు. కొండ మీద సంగతేమో గానీ, పక్కవారి మాట నమ్మదగినది కాదన్నది మన దగ్గర మాత్రం అక్షరాలా నిజం.