చెంపకు కప్పిన శాలువా

నందివాడ దాటాక వచ్చే ఒకానొక ఊరి హైస్కూలులో, విద్యా కమిటీ అధ్యక్షులు శ్రీ మల్లికార్జునరావు గారు, రెండువేల ఒకటో సంవత్సరం దసరా సెలవులకు ముందు, రెండో పీరియడులో, తొమ్మిదో తరగతి నిండు సభలో లెక్కల మాస్టారు ఏలీయా గారి ఎడమ చెంపకు స్వహస్తాలతో ప్రారంభోత్సవం చేశారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం.

కారణం చిన్నదే. క్వార్టర్లీ పరీక్షలో అధ్యక్షులవారి పుత్రరత్నం గిరీష్ చొక్కా మడతలో స్లిప్పు పెట్టుకొస్తే, మాస్టారు స్లిప్పు లాగేశారు, కుర్రాణ్ణి లేపేశారు. చేపల చెరువుల ఆసామి కొడుకును వల లేకుండా పట్టడం నేరమే మరి. మర్నాడు తండ్రి వచ్చారు. తప్పు జరిగితే చెంపలు వేసుకోవడం లోకాచారం. పెద్దమనిషికి అంత తీరికేదీ? ఎదుటివాడిదే ఒకటి వేసి వెళ్లారు. కళ్లజోడు ఎగిరి నల్లబల్ల కింద పడింది. అద్దం పగల్లేదు. మాస్టారు అదృష్టవంతులని అందరూ అన్నారు.

ఏలీయా గారు అవనిగడ్డలో కోచింగు తీసుకుని ఉద్యోగం కొట్టిన మనిషి. ఉద్యోగం కొట్టడం నేర్పారు గాని, ఉద్యోగంలో కొడితే ఏం చెయ్యాలో అక్కడ ఒక్క బిట్టూ చెప్పలేదు. ఆయనకు కావలసింది ఒక్కటే. ఏ పిల్లల ముందు కొట్టారో ఆ పిల్లల ముందే "తప్పయింది" అనాలి. లేకపోతే నల్లబల్ల వైపు తిరిగిన ప్రతిసారీ క్లాసంతటి కళ్లూ ఆయన వీపు మీద లెక్కలు చేసుకుంటాయి.

హెడ్‌మిస్ట్రెస్ ప్రభావతి గారు తక్షణం స్పందించారు. గది తలుపు వేశారు. మంచినీళ్లు ఇప్పించారు.

"దెబ్బ బెల్లు కొట్టకముందు తగిలిందా మాస్టారూ, కొట్టాకా?"

బెల్లు కొట్టాకయితే అది ఇంటర్వెల్. ఇంటర్వెల్లో ఎవరేం తిన్నా సొంత ఖాతా, బడికి సంబంధం లేదు. కొట్టకముందేనని మాస్టారు చెప్పేసరికి, రెండు నిమిషాలు ఆగాల్సిందని ఆమె ఎంతో నొచ్చుకున్నారు. పోలీసుల దగ్గరికి వెళ్తానంటే బడి పరువు బజారున పడుతుందన్నారు. తోటి మాస్టర్లను సాక్ష్యం అడిగితే, ఆ సమయంలో అందరూ పాఠమే చెబుతున్నారని తేలింది. ఆ బడిలో అంతమంది ఏకకాలంలో పాఠం చెప్పడం అదే మొదలు.

కబురు మండల విద్యాధికారి చలపతిరావు గారికి చేరింది. ఆయన మెరుపులా కదిలి, మండలంలోని టీచర్లందరికీ "విధి నిర్వహణలో దెబ్బలు: ఉపాధ్యాయుని పాత్ర" అనే అంశంపై శిక్షణ పెట్టించారు. అధ్యక్షుడికి పడాల్సిన శిక్ష, ఒక అక్షరం కలుపుకుని, టీచర్లకు శిక్షణగా పడింది. కొట్టవచ్చినవారిని చిరునవ్వుతో ఆహ్వానించవలెను. కళ్లజోడు ముందుగా తీసి జేబులో భద్రపరచుకొనవలెను, పగిలినచో ప్రభుత్వము బాధ్యత వహించదు. దెబ్బ తిన్న పిమ్మట పాఠమును ఆగినచోటనే అందుకొనవలెను. నమూనా ప్రదర్శనకు, అనుభవజ్ఞులని, ఏలీయా గారినే పిలిచారు.

భోజనాల వేళ చలపతిరావు గారు ఆయన భుజం మీద చెయ్యేశారు. "మీరు చర్చికెళ్లే మనిషి. రెండో చెంప సంగతి నేను చెప్పాలా మాస్టారూ?"

"రెండోది సిద్ధంగానే ఉందండీ. నేనడిగేది మొదటి దాని సంగతి."

ఈ మొండితనానికి ఊరిపెద్దలు మందు కనిపెట్టారు: సన్మానం. కొట్టింది ఒక్క క్లాసు ముందు, శాలువా కప్పేది ఊరంతటి ముందు. లెక్కల మాస్టారుకు ఆ మాత్రం లాభం కనిపించదా? ఆయన దండన అడిగితే, ఊరు చివరి అక్షరం తన దగ్గరే ఉంచుకుని దండ ఇచ్చింది. సాక్ష్యానికి ఒక్కరూ కదలని చోట చందాలకు అందరూ ఎగబడ్డారు. ఉపాధ్యాయ దినోత్సవం ఎప్పుడో దాటిపోయింది గనక, బాలల దినోత్సవానికి ముహూర్తం పెట్టారు.

ఆనాడు మల్లికార్జునరావు గారే స్వయంగా శాలువా కప్పారు. అదే చెయ్యి. ఆపైన మైకులో సెలవిచ్చారు: "ఏలీయా మాస్టారంటే మాకు ప్రాణమండీ. మనోడనుకున్నా గాబట్టే చనువు తీసుకున్నా. పరాయోణ్ణయితే కొడతామాండీ?"

చప్పట్లు మోగాయి. మాస్టారు మైకు అందుకున్నారు. "నాకీ శాలువా వద్దండీ. తొమ్మిదో క్లాసు పిల్లల ముందు ఒక్క మాట..." అనేసరికి ప్రభావతి గారు కనుసైగ చేశారు, పిల్లలు జాతీయ గీతం అందుకున్నారు. ఆ వేళ కదలకూడదు, మాట్లాడకూడదు. మాస్టారు నియమం తెలిసిన మనిషి. శాలువాతో సహా నిటారుగా నిలబడ్డారు. గీతం అవగానే పిల్లలకు లడ్డూలు పంచి సభ ముగించారు.

మర్నాడు ఆయన తొమ్మిదో తరగతిలో అడుగుపెట్టేసరికి అనుదీప్ అనే కుర్రాడి బుగ్గ ఎర్రగా కందిపోయి ఉంది. భుజాల చుట్టూ గిరీష్ తువ్వాలుంది. క్లాసు చప్పట్లు కొడుతోంది.

"ఎవర్రా కొట్టింది?"

"కొట్టలేదండీ. గిరీష్ నాకు సన్మానం చేశాడండీ" అన్నాడు అనుదీప్, ఆ తువ్వాలుతోనే కళ్లు తుడుచుకుంటూ.

ఈ పిల్లలకు లెక్కలు రావని ఎవరన్నారు? ఒక్క స్టెప్పు కూడా వదల్లేదు.

మాస్టారు గిరీష్‌ను లేపారు. కేకలెయ్యలేదు, బెత్తం ముట్టుకోలేదు. వాడికి చెప్పాల్సింది ఏమైనా ఉందా అని మాత్రం అడిగారు. గిరీష్ తల దించుకుని బల్లను గోటితో గీకాడు.

"తప్పయింది రా అనుదీపూ. ఇంకెప్పుడూ కొట్టను."

అంతే. ఊరూ మండలమూ కలిసి ఎత్తలేకపోయిన మాటను తొమ్మిదో తరగతి కుర్రాడు ఒక్క ఊపిరిలో ఎత్తి పక్కన పెట్టాడు. అనుదీప్ తువ్వాలు మడిచి వాడికిచ్చేశాడు. మాస్టారు నల్లబల్ల వైపు తిరిగారు. వీపు తేలిగ్గా ఉంది.

అధ్యక్షులవారి అబ్బాయిని పదిమందిలో నిలబెట్టి తప్పొప్పించారన్న కబురు, పీరియడు అయ్యేలోపే చెరువుగట్టుకు చేరింది. గేటు దగ్గర బుల్లెట్టు ఆగిన చప్పుడు విని మాస్టారు కళ్లజోడు తీసి, శిక్షణలో చెప్పినట్టే, జేబులో భద్రపరచుకున్నారు. సుద్దముక్క మాత్రం వదల్లేదు. ఆఫీసు గదిలో ప్రభావతి గారు గడియారం చూశారు. ఇంటర్వెల్‌కు ఇంకా టైముంది. పోయినసారి పొరపాటు మళ్లీ జరగకూడదని, అటెండరును పరుగెత్తించి బెల్లు ముందే కొట్టించారు.

రెండో శాలువాకు చందాలవాళ్లు బయల్దేరారు. మీ వీధికీ వస్తారు. మీకు కొత్తేముంది, పోయినసారి అడక్కముందే ఇచ్చారుగా.