ఒక్క సీటుకే దారి

ఆ ఉదయం దారిమేస్త్రి వేసుకున్న పథకం చిన్నదే: మధ్యాహ్నం భోజనాల వేళ వీడియోలో భార్య ముఖాన్ని ముక్కలు కాకుండా, నిండుగా చూడాలి. రౌటర్లకు దారులు చెప్పే ఉద్యోగం కాబట్టి ఆఫీసులో అతనికా పేరు. పెళ్ళయిన కొత్తలోనే ఆమెను బ్రాంచికి బదిలీ చేశారు. బస్సులో సగం పూట ప్రయాణం.

రెండు ఆఫీసుల మధ్యా రెండు లైన్లు. కొత్తది పెద్దసారు మీటింగులకు. మిగతా లోకమంతా పాతదాని మీదే. ఆ పాత లైను నడక ఎలాంటిదంటే, ఆమె నవ్వు బయల్దేరి ఇతని తెర చేరేసరికి అక్కడ అలక కూడా అయిపోయేది. కళ్ళు ఇవాళ వస్తే చెంపలు రేపు.

"నీ ముఖం సరిగా చూసి ఎన్నాళ్ళయిందో!" అన్నాడు ఫోన్లో.

"దారులు మీ చేతిలోనే ఉన్నాయిగా, మేస్త్రీగారూ!" అని ఆమె దెప్పింది.

అంతే, పౌరుషం పొడుచుకొచ్చింది. ఇక్కడినుంచే బ్రాంచి రౌటరులో రూట్ మ్యాప్ రాసిపారేశాడు. ఎవరిని ఏ దారిన పంపాలో రౌటరుకు చెప్పే ఆజ్ఞ అది. ఆమె కంప్యూటరుకు కొత్త లైనే ముద్దని రాశాడు. "మిగతావాళ్ళు మామూలుగా పోవచ్చు" అనే చివరి ముక్క మాత్రం తొందరలో మరిచాడు. ఆ ముక్క లేకపోతే, పేరు చెప్పని ప్రతివాళ్ళకీ రౌటరు తలుపు మూసేస్తుంది.

బ్రాంచి మొత్తం మూగబోయింది. ఆమె సీటు ఒక్కటే పలుకుతోంది. ఇదేమీ తెలియని మేస్త్రి భోజనాల వేళకు తల దువ్వుకుని వీడియో కలిపాడు. తెర మీద బ్రాంచి మేనేజరు బట్టతల ప్రత్యక్షమైంది, ఉన్న నాలుగు వెంట్రుకలూ విడివిడిగా కనిపించేంత స్పష్టంగా. వెనకాల ఆఫీసంతా బారులు తీరి ఉంది.

"ఏమయ్యా, ఊరంతటికీ ఇదొక్కటే పనిచేస్తోంది!"

"మరి... ఆ సీట్లో ఆవిడ?"

"ఆవిడకి చోటేదయ్యా? పొద్దున్నే సెలవిచ్చి పంపేశా."

దిద్దుదామంటే బ్రాంచి రౌటరు అందలేదు. పేరు చెప్పనివాళ్ళలో పాపం అదీ ఉంది.

"నువ్వే వెళ్ళి తగలడు!" అని పెద్దసారు గర్జించాడు.

అంత కమ్మని తిట్టు మేస్త్రి పుట్టి ఎరగడు. పని ముగించుకుని, చెప్పకుండా ఆమె గది ముందు నిలబడాలనుకుని, ఫోన్ కట్టేసి బస్సెక్కాడు. దారి పొడవునా ఆమె తలుపు తీసే తీరు తలుచుకుంటూనే ఉన్నాడు.

బ్రాంచిలో ఆమె కుర్చీకి ఆమె స్వెట్టరు వేలాడుతోంది. అది నలగకుండా అంచున కూర్చుని చివరి ముక్క రాశాడు. ఆఫీసుకు ప్రాణం లేచొచ్చింది. అంతలో ఎదురుగా ఉన్న కంప్యూటరే మోగింది. తెర మీద ఆమె! ఇతని బల్ల ముందు, ఇతని కుర్చీలో, ఇతని కప్పుతో టీ తాగుతోంది.

"మిమ్మల్ని ఆశ్చర్యపరుద్దామని వచ్చానండీ! మీరు నా సీటు దగ్గరికే వెళ్ళారని ఇక్కడివాళ్ళు చెప్పారు. ఫోన్ కూడా కట్టేసి, చెప్పకుండా ఎందుకెళ్ళారు?"

"నిన్ను ఆశ్చర్యపరుద్దామనే..."

"సరిపోయింది! ఇద్దరం పడ్డాం లెండి ఆశ్చర్యం."

ఆమె నవ్వింది. కళ్ళూ చెంపలూ ఒక్కసారే వచ్చాయి. మేస్త్రి మెల్లగా ఆ చెంప మీద అరచెయ్యి ఆనించాడు.

"ఏంటండీ, తెర తుడుస్తున్నారా?"

"ఆఁ... దుమ్ము."

తెర మీద దుమ్ము లేదు.