గుండీ పెడితే గంట కొట్టరు

కొత్త మందులు ల్యాబు గడప దాటి బయటికి రాకపోవడం మనందరి అదృష్టం. ఈ మాట అన్నందుకు మీరు నన్ను తిట్టుకుంటారని తెలుసు. తిట్టుకోండి. కాకపోతే చివరిదాకా చదివి తిట్టుకోండి, అప్పటికి మాటలు ఇంకా బాగా దొరుకుతాయి.

మందు బయటికొస్తే ఏమవుతుంది చెప్పండి? ఎవరో ఒకరు దాన్ని మింగుతారు. మింగినవాళ్లు ఊరుకుంటారా? చేదుగా ఉందంటారు, ఖరీదెక్కువంటారు, నిద్ర పట్టడం లేదంటారు. అదే, రాబోయే మందును చూడండి! దానికి చేదు లేదు, సైడ్ ఎఫెక్టు లేదు, ఎక్స్‌పైరీ డేటు అసలే లేదు. రాబోయే మందు వికటించి మంచాన పడ్డ మనిషిని మీరెప్పుడైనా చూశారా? నేను చూడలేదు.

ఈ సత్యాన్ని అందరికన్నా ముందు కనిపెట్టినవాళ్లు బయోటెక్ స్టార్టప్‌లవాళ్లు. వాళ్లు మందులు తయారుచేస్తారని అనుకోవడం మన అమాయకత్వం. మందులు తయారుచేయడానికి వేరే కంపెనీలున్నాయి. వీళ్లు తయారుచేసేది ‘త్వరలో’ అనే పదార్థం. అది తయారుచేయడం అంత తేలిక కాదు. దానికి గాజుగోడల ఆఫీసు కావాలి, కూర్చుంటే లేవలేని మెత్తటి సంచుల్లాంటి కుర్చీలు కావాలి, గోడ మీద ‘మానవాళి కోసం’ అని రాసుండాలి.

పద్ధతి ఎలా ఉంటుందంటే, ముందు ఒక శాస్త్రవేత్తకు ఆలోచన వస్తుంది. ఆ ఆలోచన అర్థం కాని మనిషొకడు దానికి స్లైడ్లు తయారుచేస్తాడు. ఆ స్లైడ్లు అర్థం కాని పెద్దమనుషులు పెట్టుబడి పెడతారు. ఆ పెట్టుబడితో ఎలుకల్ని కొంటారు. ఎలుకలకు నయమైపోతుంది. ఎలుకకు నయం కాని జబ్బు ఈ భూమ్మీద లేదు! మతిమరుపు, మోకాళ్ల నొప్పులు, బట్టతల, అన్నీ ఎలుకల్లో ఎప్పుడో పోయాయి. ఎలుక జన్మ ఎత్తినవాడికి ఇక పిల్లి తప్ప భయం లేదు.

ఎలుక లేచి తిరుగుతోందని చెప్పి ఇంకో విడత పెట్టుబడి తెస్తారు. దాన్ని రౌండు అంటారు. చేతిలో ఉన్న సొమ్ము ఎన్నాళ్లకు సరిపోతుందో ఆ కాలాన్ని రన్‌వే అంటారు. విమానం ఉందా, ఎగురుతుందా అని ఎవరూ అడగరు. రన్‌వే పొడుగ్గా ఉందా, లేదా? అదొక్కటే ప్రశ్న.

ఇంత చక్కటి ఏర్పాటును పాడుచేసేవాళ్లు ఒకే ఒకరున్నారు. వాళ్లు రోగులు. ఇందుకు నా దగ్గర సాక్ష్యం ఉంది. ఆ సాక్ష్యం మా అక్క.

మా అక్క దర్జీ. మిషన్ మీద కుట్టేవాళ్లు చాలామంది ఉంటారు. అక్క పేరు తెచ్చుకున్నది చేత్తో కుట్టే గుండీ కాజాలకు. కోటు కాజా అంటే వీధి చివరి షాపులవాళ్లు కూడా మా అక్క దగ్గరికే పంపేవాళ్లు. అటువంటి మనిషి వేళ్లకు జబ్బు చేసింది. దాని పేరు ఈ కాలమ్ వెడల్పు కన్నా పొడుగు, కాబట్టి రాయను. పట్టు జారిపోతుంది, అంతే. ముందు సూది జారింది, తర్వాత కత్తెర, తర్వాత అన్నం ముద్ద. డాక్టర్లు చేతులెత్తేశారు. అక్కకు ఎత్తడానికి ఆ మాత్రం చేతులు కూడా లేవు.

ఆ జబ్బుకే ఒక స్టార్టప్ మందు కనిపెట్టిందని, మనుషుల మీద పరీక్ష మొదలుపెడుతోందని ఆస్పత్రిలో చెప్పారు. అక్కను వెంటబెట్టుకుని ఆ స్టార్టప్ ఆఫీసుకు వెళ్లాను. అక్కడ ముఖ్యమైనవాళ్లు ఇద్దరు. ఒకావిడ మందు కనిపెట్టిన శాస్త్రవేత్త, అందరూ ల్యాబు మేడమ్ అంటారు. రెండోవాడు కంపెనీ పెట్టిన కుర్రాడు. ఎవరు ఏమడిగినా లాప్‌టాప్ తెరిచి చూపిస్తాడు కాబట్టి మా అక్క అతనికి స్లైడ్లబ్బాయి అని పేరు పెట్టింది.

మొదటి రోజు పరీక్ష ఒక చొక్కాతో. చొక్కా తొడిగి, గుండీలు పెట్టుకోమంటారు. జబ్బు ఎంత ముదిరిందో దాన్నిబట్టి కొలుస్తారు. చొక్కా కంపెనీవాళ్లదే, జేబు మీద వాళ్ల లోగో ఉంది. ఇవతల స్లైడ్లబ్బాయి మనుషులు వీడియో తీశారు. మా అక్క ఒక్క గుండీ కోసం పడ్డ అవస్థ నేను చూడలేక కిటికీ వైపు తిరిగాను. జీవితమంతా ఊరందరి చొక్కాలకు గుండీలు కుట్టిన మనిషి, తన గుండీ తాను పెట్టుకోలేక చివరికి "ఇంక చాలు బాబూ" అంది.

ఇంజెక్షన్లు మొదలయ్యాయి. కొన్నాళ్లకు, నేను రాయడానికే ఇబ్బంది పడుతున్నాను గానీ, మందు పనిచేసింది!

అవును, పనిచేసింది. ఇటువంటి అపశ్రుతులు అప్పుడప్పుడు దొర్లుతుంటాయి. ఒకరోజు అదే చొక్కా తొడుక్కుని అక్క పై గుండీ పెట్టింది. తర్వాత రెండోది. కింది దాకా పెట్టేసి, ఒక కాజా వైపు చూసి, "ఇది మిషన్ కాజా. పీచులొచ్చేసింది. చేత్తో కుట్టి ఇస్తాను, ఇంటికి పట్టుకెళ్లనా మేడమ్?" అంది. ల్యాబు మేడమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. తుడుచుకోవలసినవి అద్దాలు కావు.

ఆ ఆఫీసు హాల్లో ఒక ఇత్తడి గంట వేలాడుతుంటుంది. మేడమ్ గబగబా వెళ్లి దాని తాడు పట్టుకుంది. స్లైడ్లబ్బాయి పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"మేడమ్, అది రౌండు క్లోజైతే కొట్టే గంట. ఊరికే కొడితే అందరూ కన్‌ఫ్యూజవుతారు."

మేడమ్ తాడు వదిలేసింది. ఆ అబ్బాయి తప్పేముంది? ప్రతి ఆఫీసుకూ ఒక పద్ధతి ఉంటుంది. వేలు కదిలినప్పుడల్లా గంట కొట్టుకుంటూ పోతే పని సాగుతుందా?

అప్పుడు తెలిసింది అసలు చిక్కు. రన్‌వే అయిపోవస్తోంది. మళ్లీ పెట్టుబడి రాకపోతే మందు ఆగిపోతుంది. పెట్టుబడి పెద్దలు వీడియో చూపించమన్నారు. మందుకు ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా ఉంది, రెండూ పక్కపక్కన పెట్టి చూపించాలి. ‘తర్వాత’ బ్రహ్మాండంగా ఉంది. ‘ముందు’ తెరిచి చూస్తే ఏముంది? మొదటి నుంచి చివరిదాకా జేబు మీది లోగో! మా అక్క చేతులు ఫ్రేములో లేవు. లోగో మాత్రం దారం దారం లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉంది. తీసినవాళ్లకు ఏది ముఖ్యమని చెప్పారో అదే తీశారు, వాళ్లను అనడానికి లేదు.

స్లైడ్లబ్బాయి అక్క పక్కన వచ్చి కూర్చున్నాడు.

"ఆంటీ, చిన్న హెల్ప్. ఆ రోజు చేసినట్టే ఇంకోసారి చేయాలి."

"ఏం చేశాను బాబూ ఆ రోజు?"

"అదే, గుండీ పెట్టలేకపోయారు కదా. అలాగే."

"ఇప్పుడు పెట్టగలుగుతున్నాను కదా."

"అదే ప్రాబ్లమ్ ఆంటీ."

మేడమ్ ఒప్పుకోలేదు. "ఇది అబద్ధం. ఇందులో నేను ఉండను" అని లేచి వెళ్లిపోయింది. అక్క నావైపు చూసింది. నేను కూడా వద్దనే అన్నాను. "వద్దంటే మందు ఆగిపోతుందటరా" అంది అక్క.

అలా మా అక్క నటి అయింది. నటించడం ఎంత కష్టమో ఆ రోజు చూశాను. రోగం నటించడం కాదు, ఆరోగ్యాన్ని దాచడం. గుండీ చేతికి తగలడం ఆలస్యం, వేళ్లు వాటంతటవే కాజాలోకి తోసేసేవి. "కట్" అనేవాడు స్లైడ్లబ్బాయి. "ఆంటీ, ఇంకొంచెం బాధగా." అక్క బాధపడుతూ గుండీ పెట్టేసేది. "పెట్టకూడదాంటీ!" తల ప్రాణం తోకకొచ్చింది అందరికీ. ఆఖరుకు అక్క కళ్లు మూసుకుని, వేళ్లు బిగబట్టి, ఎలాగో ఒక గుండీ జారవిడిచింది. అందరూ చప్పట్లు కొట్టారు. అదే గుండీ నిజంగా పెట్టిన రోజున ఎవరూ కొట్టలేదు.

ఆ తర్వాత ఇంజెక్షన్ రోజున మేం లిఫ్టు దిగేసరికి గంట మోగుతోంది. హాలంతా జనం. పెట్టుబడి వచ్చింది! అక్క ముఖం వెలిగిపోయింది. తను కూడా చప్పట్లు కొట్టింది, చక్కగా, పది వేళ్లతోనూ. ఎవరో కేకు ముక్క తెచ్చి చేతిలో పెట్టారు. మేడమ్ మాత్రం మూల నిలబడి ఉంది, కేకు తీసుకోలేదు. మేం దగ్గరికి వెళ్తే, మేడమ్ అక్క చెయ్యి పట్టుకుని, "నన్ను క్షమించండమ్మా" అంది.

సంగతేమిటంటే, పెట్టుబడి పెద్దలు రెండు వీడియోలూ జాగ్రత్తగా చూశారు. అందులో ఒక పెద్దాయనకు దివ్యదృష్టి ఉంది. గుండీని ఎవరైనా చూస్తారు. ఆయన అరచేతి వెనక చర్మం చూశాడు. "ఈ వయసులో ఈవిడ చేతికి ముడతల్లేవేమిటి?" అన్నాడు. మందుకు అదొక సైడ్ ఎఫెక్టట! అంతే, గదిలో గాలి మారిపోయింది. అక్క జబ్బు ఉన్నవాళ్లు ప్రపంచంలో ఎందరుంటారు? వాళ్లతో ఒక పెళ్లి హాలు కూడా నిండదు. ముడతలు ఎందరికి రావు? ముడత పడకుండా పోవాలంటే చిన్నప్పుడే పోవాలి! కాబట్టి ఇకమీదట ఆ మందు చేతులకు రాసుకునే క్రీము. దీన్ని పివట్ అంటారు. ఒక కాలి మీద నిలబడి గిర్రున తిరిగి, వెనక ఉన్నవాళ్లకు వీపు చూపించడం అన్నమాట.

"మరి నా ఇంజెక్షన్?" అని అడిగింది అక్క.

"ఆంటీ, క్రీము రాగానే మొదటి డబ్బా మీకే" అన్నాడు స్లైడ్లబ్బాయి. ఆ అబ్బాయి అబద్ధమాడలేదు. నిజంగానే ఇచ్చే ఉద్దేశం ఉంది. నాకు ఒళ్లు మండింది ఆ ఉద్దేశం చూసే.

క్రీము వేలి పట్టుకు పనిచేయదా అని మేడమ్‌ను అడిగాను. చర్మం దాటి లోపలికి పోదంది. అక్క కోసమైనా పాత మందు కొంచెం ఇవ్వలేరా అని అడిగాను. ఆ మందు మీద తనకు ఇప్పుడు హక్కు లేదంది. కనిపెట్టిన మనిషి దాన్ని ముట్టుకోవాలంటే కంపెనీ అనుమతి కావాలి. ఇందులో నాకేమీ వింత కనిపించలేదు. నేను రాసిన ఈ వ్యాసాన్ని మా ఎడిటర్ కత్తిరిస్తే నేను అడగగలనా?

ఇంటికి వచ్చేటప్పుడు కంపెనీవాళ్లు లోగో చొక్కాను అక్కకు కానుకగా ఇచ్చారు. దానికి తను కుడతానన్న చేతి కాజా అక్క అప్పటికే కుట్టేసింది. అక్క చేత్తో కుట్టిన ఆఖరి కాజా అది.

చూశారా, అందుకే నేను మొదట్లోనే చెప్పాను, కొత్త మందులు బయటికి రాకపోవడం మన అదృష్టమని. మా అక్కకు ఆ మందు రాకపోయుంటే ఏమయ్యేది? ఒక్కసారి పోయిన పట్టు, ఒక్కసారే పోయినట్టు ఉండేది. ఏడ్చి ఊరుకునేది. వచ్చింది కాబట్టి రెండుసార్లు పోగొట్టుకోవలసి వచ్చింది. ముందు కత్తెర మళ్లీ జారింది. తర్వాత సూది. ఇప్పుడు అన్నం నేను కలిపిపెడుతున్నాను. "మధ్యలో ఆ నాలుగు రోజులూ లేకపోయినా బాగుండేదిరా" అంటుంది. అని, వెంటనే, "లేదులే, ఉండటమే బాగుంది" అంటుంది. ఏది నిజమో నేను అడగను.

చేతులు మాత్రం ముడతల్లేకుండా నున్నగా ఉన్నాయి. ఆ మేరకు విజ్ఞానం గెలిచిందని ఒప్పుకోవాలి.

మొన్న స్లైడ్లబ్బాయి ఫోన్ చేశాడు. క్రీము విడుదల దగ్గరకొచ్చింది. ‘మా ప్రయాణం’ అని ఒక వీడియో తీస్తున్నారు. ఈ మందు మొదట ఎలాంటి కష్టాన్ని చూసి పుట్టిందో జనానికి చెప్పాలట. పాత వీడియో ఉంది గానీ, దాన్ని చూసినవాళ్లంతా, ఆవిడ నటిస్తున్నట్టుంది అంటున్నారట.

"అంకుల్, ఆంటీ ఇంకొక్కసారి చేసిపెడతారేమో అడగండి. ఈసారి కొంచెం నేచురల్‌గా."

నేను ఫోను మీద చెయ్యి అడ్డుపెట్టి, వాడిని ఏ మాటతో తిట్టాలా అని వెతుక్కుంటున్నాను. అక్క మంచం మీంచి అడిగింది, ఎవరని. చెప్పాను. ఆ లోగో చొక్కానే తొడుక్కుని ఉంది. పొద్దున గుండీలు పెట్టింది నేనే. పై గుండీ ఒకటి మరిచిపోయినట్టున్నాను. అక్క దాన్ని వేళ్లతో తడుముతోంది, జారిపోతోంది, మళ్లీ తడుముతోంది.

"రమ్మనరా" అంది. "ఈసారి ఒక్క టేకులో అయిపోతుంది."

రమ్మనే చెప్పాను. స్లైడ్లబ్బాయికి ఈ కాలమ్ ద్వారా నా మనవి ఒక్కటే. నాయనా, ఈసారైనా కెమెరా చేతుల మీద పెట్టించు.