తడిగుడ్డ కింద చదువు

ఆ రోజు దర్జీ పెట్టుకున్న పని ఒక్కటే, సాయంత్రంలోగా లాయరు గారి నల్లకోటుకు చేతులు ఎక్కించడం. దేవుడికి దండం పెట్టుకుని, మిషను ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తుండగా మరదలు వచ్చింది. చేతుల్లో రెండు గాజు డబ్బాలు. నిద్రపోతున్న పసిపాపను మోస్తున్నంత జాగ్రత్తగా నడుస్తోంది.

"బావగారూ, ఈ ఒక్క పూట వీటిని మీ బీరువాలో ఉంచాలి. మా ల్యాబులో గోడలకి రంగులేస్తున్నారు. ఆ ఘాటుకి ఇవి బతకవు."

దర్జీ తొంగి చూశాడు. డబ్బా అడుగున పసుపుపచ్చని జిగురు, ఆకు ఈనెల్లా పాయలుపాయలుగా పరుచుకుని ఉంది. రెప్ప వేయకుండా చూస్తే ఆ పాయల్లో ఏదో ముందుకు పారి, ఆగి, మళ్ళీ వెనక్కి పారుతోంది.

"ఏమిటమ్మా ఇది, బూజా?"

"జిగురుబూజు అంటారు. కళ్ళు లేవు, నోరు లేదు, మెదడు లేదు. అయినా తిండి వెతుక్కుంటూ పాకుతుంది. చుక్క పెట్టిన డబ్బాలోది చదువుకున్నది. రెండోది చదువుకోనిది."

"దీనికి చదువొకటా?"

"వీటికి కాఫీ అంటే భయం, తగిలితే ఆగిపోతాయి. చుక్క డబ్బాదానికి రోజూ కాఫీ దాటించి దాటించి భయం పోగొట్టాను. మధ్యాహ్నం రెండు డబ్బాల్లోనూ ఈ సంచిలో ఉన్న, కాఫీలో నానిన జెల్లీ ముక్కల్ని చెరొకటి వంతెనలా పెట్టి, అవతల ఓట్స్ పలుకు వేయండి. సాయంత్రం మా మేడమ్ గారు చూడ్డానికొస్తారు. చదువుకున్నది దాటాలి, చదువుకోనిది ఆగాలి. ఈసారి కూడా తేడా చూపించలేకపోతే నన్ను ల్యాబులోంచి పంపించేస్తానన్నారు." ఆమె డబ్బాలు బల్ల మీద పెట్టి, భుజాన ఉన్న సంచి తీసిచ్చింది. "చీకట్లో ఉంచండి. ఆరిపోకుండా తడిగుడ్డ కప్పండి. అంతే."

"మా చెల్లెలి చదువంతా మీ చేతిలో పెట్టి వెళ్తోంది. కోటు ధ్యాసలో పడి మర్చిపోకండి" అంది భార్య వంటింట్లోంచి.

దర్జీ మర్చిపోలేదు. మంచి తెల్లగుడ్డ తీసి, రెండు ముక్కలు చేద్దామని కత్తెర కూడా పట్టాడు. కాని నిక్షేపంలాంటి గుడ్డను ఊరికే నడిమికి కోయడానికి ఏ దర్జీకి చెయ్యాడుతుంది? డబ్బాలు రెండింటినీ ఒకదానికొకటి ఆనించి, ఒకే గుడ్డ తడిపి రెండింటి మీదా కప్పి, బీరువా తలుపు మూసి కోటు దగ్గరికి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం బీరువా తెరిస్తే తడిమట్టి వాసన కొట్టింది. గుడ్డ ఎత్తబోతే బరువుగా లేచింది. రెండు డబ్బాల్లోంచీ పాయలు గోడలెక్కి వచ్చి, గుడ్డ కింద కలుసుకుని, లావుపాటి నరంలా ఒక్కటిగా కొట్టుకుంటున్నాయి. కళ్ళు లేని వాటికి పక్కన ఇంకొకటుందని ఎవరు చెప్పారు? ఎండ వేళే అయినా దర్జీకి వెన్ను చల్లబడింది.

"ఏమైందండీ?"

"రెండూ ఒకటైపోయాయి."

"అయితే విడదీయండి."

"చొక్కా బొత్తాలా, విడదీయడానికి? అతుకు ఎక్కడుందో చూపించు చూద్దాం."

భార్య వంగి చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బతుకంతా అతుకులు వేసిన దర్జీకే దొరకలేదు. చివరికి డబ్బాల అంచులు కలిసినచోట సుద్దతో గీత గీసి, గుడ్డతో సహా కత్తిరించి కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి కోసినచోట గాయమన్నదే లేదు. రెండు సగాలూ ఏమీ జరగనట్టే తమ డబ్బాల్లోకి పాకిపోతున్నాయి.

వంతెనలు పెట్టాడు. చదువుకున్నది మెల్లగా దాటింది. చదువుకోనిది కూడా, తెలిసిన వీధిలో నడిచినట్టు, ఎక్కడా జంకకుండా కాఫీ మీంచి వెళ్ళి ఓట్స్ పలుకును చుట్టేసింది.

"కాఫీ పలచబడిందేమోనండీ" అంటూ భార్య ఇంకాస్త చిక్కగా కలిపి తెచ్చింది. అది దాన్నీ దాటింది.

"మేడమ్ గారొచ్చే వేళైంది. ఏం చేద్దామే?"

భార్య చుక్కలేని డబ్బా వైపు చూసింది. "రెండోది కదలకూడదు, అంతే కదా? కదలనిదే పెడదాం." వెళ్ళి ఒక గుడ్డు పగలగొట్టింది. పచ్చసొన గిలక్కొట్టి చుక్కలేని డబ్బాలో పలచగా పూసింది. అందులో ఉన్న సగాన్ని అంతకుముందే చుక్క డబ్బాలోకి దాచేశారు.

"అబద్ధం కదే. దేవుడు చూడడూ?"

"అబద్ధం మనం ఆడటం లేదండీ. గుడ్డు ఊరికే కూర్చుంటుంది."

సాయంత్రం మేడమ్ మరదలితో కలిసి వచ్చి భూతద్దం పెట్టి చూసింది. "చదువుకున్నది దాటింది. ఇదేమో వెంట్రుకవాసి కూడా కదల్లేదు. చాలా బాగుంది." మరదలి ముఖం విప్పారింది. దర్జీ నేల చూపులు చూశాడు.

అంతలో చుక్క డబ్బా గోడ మీంచి పసుపుపచ్చని వేలొకటి లేచింది. అటూ ఇటూ వెతికింది. మెల్లగా పక్క డబ్బాలోకి దిగి, పచ్చసొనను తాకి, దాని మీద పరుచుకుని తినసాగింది. మేడమ్ చిటికెన వేలు ముంచి వాసన చూసింది.

"ఇది గుడ్డు."

"తడిగుడ్డతో గొంతు కోశారు బావగారూ" అంది మరదలు, ఏడుపు ఆపుకుంటూ.

దర్జీ చేతులు కట్టుకుని, గుడ్డ కప్పిన దగ్గరనుంచి గుడ్డు పూసిన దాకా పూసగుచ్చినట్టు చెప్పాడు. "తప్పంతా నాదండీ. అమ్మాయిని ఏమీ అనకండి."

మేడమ్ కోప్పడలేదు. "కోత ఎక్కడ వేశారు?"

"సరిగ్గా రెండు డబ్బాల నడుమ. నా గీత తప్పదండీ."

"ఆ తర్వాత చదువుకోనిది కాఫీ దాటిందా?"

"ఆగకుండా దాటింది."

మేడమ్ స్టూలు మీద కూర్చుండిపోయింది. "దీనికెవరూ నేర్పలేదు. కాసేపు చదువుకున్నదానితో కలిసి ఒకటిగా ఉంది. అంతలోనే దానికి తెలిసింది దీనికీ తెలిసిపోయినట్టుంది."

దర్జీ చేతుల మీద రోమాలు లేచాయి. "మెదడే లేదన్నారు కదండీ. నేర్చుకున్నది ఎక్కడ దాచుకుంటుంది?"

"తెలియదు" అంది మేడమ్. ఆవిడ అన్న తీరుకు అందరూ డబ్బా వైపు చూశారు. అది గుడ్డు పూర్తిచేసి, వేలు మళ్ళీ పైకెత్తింది. అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు.

"నిన్ను పంపించడం మాట మర్చిపో" అంది మేడమ్ మరదలితో. "రేపటినుంచి నీ పని ఇదే. కాని అచ్చం ఇలాగే మళ్ళీ జరిగితే తప్ప ఎవరూ నమ్మరు."

మర్నాడు దర్జీ ఇంకా కాఫీ తాగకముందే మరదలు పళ్ళెం నిండా డబ్బాలతో గుమ్మంలో నిలబడింది.

"బావగారూ, నిన్న చూసుకున్నంత అజాగ్రత్తగానే చూసుకోవాలి. రవ్వంత శ్రద్ధ పెట్టినా పాడైపోతుంది."