గాలికి రేకులు కొట్టిన పంచాయతీ

నీళ్లకు ఆనకట్టలు కట్టినవాళ్లు దేశంలో చాలామందే ఉన్నారు. గాలికి కట్టిన ఘనత మాత్రం చింతామణి తాలూకాలోని మా చింతలగెరె పంచాయతీదే.

మా పంచాయతీ ఆఫీసులో ప్రజల కోసం ఉచిత వైఫై పెట్టి రెండేళ్లయింది. ఆ ఆఫీసు ప్రజల కోసం ఎప్పుడు తెరిచి ఉంటుందో ప్రజలకు తెలియదు. అందుకని వాళ్లు వెనక కిటికీ కింద అరుగు మీద కూర్చుని వాడుకునేవారు. ఫోను టవరుకూ ఊరికీ మధ్య గుట్ట ఒకటి అడ్డం కాబట్టి వేరే దిక్కు లేదు. నయన పీయూసీ (మీ ఇంటర్) పాఠాలన్నీ ఆ అరుగు మీదే విన్నది. వాళ్లవ్వ అక్కయమ్మ పక్కనే కూర్చుని, కాలాన్ని బట్టి అనపకాయలో చింతపండో ఒలుచుకుంటూ ఉండేది.

అలా ఉండగా బాగేపల్లి వైపు నుంచి పురుషోత్తమ్ అనే కొత్త అధికారి బదిలీ మీద వచ్చాడు. ఆఫీసు పెన్నుతో ఇంట్లో చీటీ కూడా రాయని నిజాయతీపరుడు. (ఇలాంటివారిని ఆపడం కష్టం.) రెండో రోజే కిటికీలోంచి అరుగు చూశాడు.

"చంద్రూ, ఈళ్లంతా ఈడెందుకు కూసోనుండారు?" అని కంప్యూటర్ ఆపరేటర్‌ని అడిగాడు.

"వైఫై సార్. ఈ డబ్బా ఉండాదే, ఇది సమాచారాన్ని అలలు చేసి నాలుగు దిక్కులకూ ఇసిరేస్తాది. ఫోను ఆ అలల్ని పట్టుకొని మళ్లా బొమ్మలూ మాటలూ చేస్తాది. గోడైతే దాటుకొని పోతాది. రేకైతే ఎనక్కి తిరుక్కుంటాది."

ఒక ఫోను మాట్లాడేటప్పుడు మిగతావి ఆగి వింటాయనీ, గాలి ఖాళీ అయ్యాకే తమ వంతు తీసుకుంటాయనీ కూడా చంద్రు చెప్పాడు. (మా ఆఫీసు ఆవరణలో వరస పాటించినవి అవొక్కటే.) పురుషోత్తమ్ అదేమీ వినలేదు. ఆయన 'గోడ దాటుకొని పోతాది' దగ్గరే ఆగిపోయాడు.

"అంటే సర్కారు సొత్తు రెండేళ్లుగా కారిపోతాందా!"

వారంలోగా 'తరంగ సోరికె తడె సమితి' ఏర్పడింది. (మా సర్కారు భాష కన్నడంలో సోరికె అంటే కారడం, తడె అంటే ఆపడం. కారేది ఏదైనా దానికో సమితి ఉంటుంది.) సమితి రెండుసార్లు కూడి, గోడలకూ కిటికీలకూ లోపలి నుంచి రేకులు కొట్టించి, వాకిలికి దానంతటదే మూసుకునే ఇనప తలుపు పెట్టించింది. శుక్రవారం సాయంత్రం చంద్రు అరుగు మీద నిలబడి ఫోను చూసి, "సున్నా సార్" అన్నాడు. లోపల చప్పట్లు కొట్టారు. బయటికి అవి కూడా సరిగా వినపడలేదు.

శనివారం పొద్దున టౌనులో ఉండగా నయనకు పశువైద్య కాలేజీలో సీటు వచ్చినట్టు తెలిసింది. సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేసి, సీటు ఒప్పుకుంటున్నట్టు సాయంత్రం నాలుగు లోపల బటన్ నొక్కాలి, లేకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. అక్కడే ఆదాయ సర్టిఫికెట్ తీసుకుని, మిగతావి ఇంట్లో ఉన్నాయి కాబట్టి ఊరికొచ్చి బస్సు దిగేసరికి మూడు. తిరిగి టౌనుకు పోవడానికి ఐదింటి దాకా బస్సు లేదు. ఇంట్లోంచి వాటిని తీసుకుని పరుగున వచ్చి అరుగు మీద కూర్చుంది. ఫోనులో సిగ్నలు గీత ఒక్కటీ లేదు. లోపలికి వెళ్లి అడిగింది.

"లోపల సిబ్బందికే. నువ్వు అర్జీ రాసియ్యమ్మా, సోమవారం సమితిలో పెడతాం" అన్నాడు పురుషోత్తమ్. ఆయన గొంతులో కోపం లేదు. దానికే నయనకు భయం వేసింది. బయటికొచ్చి అవ్వ ముందు నిలబడి ఏడ్చింది.

అక్కయమ్మ చింతపండు చేట పక్కన పెట్టి, లేచి వెళ్లి, ఇనప తలుపు తోసి, దానికి వీపు ఆనించి గడప మీద కూర్చుంది.

"లేయమ్మా, తలుపు ముయ్యల్ల. అలలు పోతాండాయి" అన్నాడు పురుషోత్తమ్ కుర్చీలోంచే.

"పోనీలే అప్పా. అవేమన్నా పాలా, పెరుగా?"

"రూల్సుండాయమ్మా."

"నాకు మోకాళ్లు పట్టేసుండాయి. లేపల్లంటే ఇద్దరు ఆడోళ్లు కావల్ల. మీ ఆఫీసులో ఎవరన్నా ఉంటే పిలిపించు."

ఆఫీసులో ఆడవాళ్ల ఉద్యోగాలు రెండూ మూడేళ్లుగా ఖాళీ. నయన వాకిలికి ఎదురుగా, వీధి మధ్యలో, ఫోను ఎత్తి పట్టుకుని నిలబడింది. రెండు గీతలు వచ్చాయి.

పురుషోత్తమ్ చట్టపరంగా ఆలోచించి, తానే వచ్చి వాకిట్లో అడ్డంగా నిలబడ్డాడు. మనిషి ఒంట్లో నీళ్లెక్కువ, నీళ్లు అలల్ని తాగేస్తాయి. ఆయన ఒళ్లు కూడా నిండైనదే. ఒక గీతే మిగిలింది. మూడూ నలభై ఆరు.

"నీకు పిల్లోళ్లెందురప్పా?" అంది అక్కయమ్మ తల ఎత్తకుండా.

"ఒక కూతురు."

"ఏం చదవతాంది?"

ఆయన వీధిలో ఫోను ఎత్తి నిలబడ్డ నయన వైపు చూశాడు. "ఈసారి సీటు రాలేదమ్మా" అన్నాడు.

"ఈ పాపకు వచ్చుండాది."

పురుషోత్తమ్ అరడుగు పక్కకు జరిగాడు. (చెమట తుడుచుకోవడానికని తర్వాత నివేదికలో రాశాడు.) మూడూ యాభై ఆరుకు నయన వీధిలోనే ఎగిరి కేక పెట్టింది.

నిజాయతీపరుడు కాబట్టి జరిగిన సోరికె మొత్తాన్నీ పురుషోత్తమ్ ఆ సాయంత్రమే పైకి తెలియజేశాడు. నయన ఇప్పుడు మొదటి ఏడాది చదువుతోంది. పోయిన నెల జిల్లా కేంద్రం చిక్కబళ్లాపురానికి వెళ్లిన వార్షిక నివేదికలో 'ఉచిత వైఫై వల్ల మేలు పొందిన పౌరులు' అన్న గడిలో 'ఒకరు' అని ఉంది. పక్కనే 'వారిపై తీసుకున్న చర్య' అన్న గడిలో 'విచారణ జరుగుతోంది' అని ఉంది.