బొమ్మ పడింది

సినిమా తీయడమే లోకంలో అన్నిటికన్నా కష్టమని అనుకుంటారు. అది ఉత్త మాట. తీసినదాన్ని హాలు దాకా చేర్చడం అసలు కష్టం. ఆ పని నెత్తిన వేసుకున్న పిల్లకు తల్లిగా ఉండటం అంతకన్నా కష్టం. ఈ మూడో కష్టానికి ప్రభుత్వంలో ఒక శాఖ ఎందుకు లేదో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

మా అమ్మాయిని ఇంట్లో బొమ్మ అంటాం. పెద్ద కంపెనీలు ముట్టుకోని చిన్న సినిమాలను తీసుకుని హాళ్ళలో ఆడించడం దాని వ్యాపారం. (ఆ సినిమాల పేర్లు సగంలో ఆగిపోయిన మాటల్లా ఉంటాయి.) ప్రధాన కార్యాలయం మా భోజనాల బల్ల. అన్నం వేళకు కార్యాలయం మంచం మీదికి బదిలీ అవుతుంది. బేరాలాడేదీ అదే, హాలు ముందు నిచ్చెనెక్కి బ్యానరు కట్టేదీ అదే. ఫోన్లు ఎత్తడానికి నన్ను వేసుకోవడంతో సంస్థ ఒక్కసారిగా రెట్టింపయింది. నా చదువు ఏడో తరగతితో ఆగినా, ఏ ఫోను మోగినా చెడు వార్తేనని ముందే సిద్ధపడి ఎత్తగల అనుభవం నాకుంది.

మొదటి సినిమాకు ఊరి చివరి హాలు ఒక్కటే దొరికింది. ఇంటర్వెల్ లోపు ఒక్క వరుసైనా నిండకపోతే సినిమా తీసేస్తానని మేనేజరు షరతు. తీసేస్తే దుకాణం కట్టేయాల్సిందే. ఈ సంగతి బొమ్మ నాకు చెప్పలేదు, నా బీపీ పెరుగుతుందని. పొద్దున ఏమీ తినకుండా వెళ్ళింది. (తినకుండా వెళ్ళిన మనిషికి కళ్ళు తిరుగుతాయి. కంగారుకు నాకది చాలు.)

మ్యాట్నీ వేళకు మేనేజరు ఫోన్ చేశాడు.

"అమ్మా, బొమ్మ పడింది."

పొయ్యి కట్టేశాను. "ఎక్కడ నాయనా?"

"ఎక్కడేంటమ్మా, హాల్లోనే. చూద్దామంటే మనిషన్నవాడు లేడు. ఇంటర్వెల్ దాకా ఆగి లేపేస్తాను."

"ఇంటర్వెల్ దాకా ఎందుకు? ఇప్పుడే లేపు."

"ఇప్పుడే లేపితే మీ అమ్మాయి ఏడుస్తుందేమో."

"ఏడవనీ. ఏడిస్తే తెలివిలో ఉన్నట్టే కదా."

"ఇంత గుండె దిటవున్న తల్లిని నేను చూడలేదమ్మా," అన్నాడు.

(తెర మీద ఆట మొదలైతే బొమ్మ పడిందంటారని, తీసేస్తే లేపేశారంటారని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. భయం వేస్తే నాకు తెలుగు రాదు.)

పై అంతస్తు నర్సమ్మ, పక్కింటి టైలరమ్మ, ఆవిడ అత్తగారు, కుట్టు నేర్చుకునే ఆడపిల్లలు, అందరం దూదీ కట్టుగుడ్డలతో ఆటోలెక్కాం. టికెట్ లేనిదే ప్రాణం పోతున్నా పంపనన్నాడు గేటు మనిషి. కొన్నాం. లోపల బొమ్మ ఖాళీ కుర్చీల మధ్య ఒక్కతే కూర్చుని ఉంది, ఒంటి మీద గీత లేదు. అయినా నర్సమ్మ నాడి చూసింది.

"పడింది నేను కాదు పిన్నీ, సినిమా," అంది బొమ్మ.

"అయితే టికెట్ డబ్బులు తిరిగిస్తారా?" అంది అత్తగారు.

ఇవ్వరని తెలిసి అందరూ కూర్చున్నారు. వరుస నిండింది. సినిమా నిలబడింది. చివర్లో అత్తగారు కట్టుగుడ్డతోనే కళ్ళు తుడుచుకుంది.

ఇందులో వ్యాపార సూత్రం ఉందని బొమ్మ కనిపెట్టింది. అత్యవసర ప్రేక్షకుల విభాగం ఏర్పడింది, నేను అధిపతిని. ప్రతి శుక్రవారం మేనేజరు బొమ్మ పడిందంటాడు, మేం బయల్దేరతాం. (నిజంగా కంగారుపడ్డవారికి ఆటోలో కిటికీ పక్క చోటు. కొన్నాళ్ళకు ఆ చోటుకు అర్హులు లేకుండా పోయారు.) మా వెనకే అసలు ప్రేక్షకులూ రావడం మొదలుపెట్టారు. హాళ్ళు పెరిగాయి. బల్ల చాలక బొమ్మ అద్దెకు గది తీసుకుంది. నా బీపీ తగ్గింది, డాక్టరే రెండుసార్లు చూసుకున్నాడు.

మొన్న శుక్రవారం కూర తరుగుతుంటే ఫోను మోగింది.

"అమ్మా, బొమ్మ పడింది."

"సంతోషం నాయనా."

"అది కాదమ్మా. నిచ్చెన మీద నుంచి."

"ఈసారి పేరు బాగుంది," అన్నాను. "మేం రెండో ఆటకి వస్తాం."